అల్మారాలో తొమ్మిది అతుకుల బొంతలు

ఈ ఉత్తరం అమెరికాలోని నార్త్ కరొలైనా నుంచి వచ్చింది. రాసినావిడకి 47 ఏళ్ళు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సగం ఒక రాత్రి రాసి ఆపేశానని, మిగతా సగం నాలుగు రోజుల తర్వాత రాశానని ఆవిడే చెప్పారు. “చూశారా, ఉత్తరం కూడా సగంలోనే ఆపాను” అని నవ్వుతూ రాశారు గానీ అది నవ్వులా లేదు.

విషయం ఇది. ఆవిడ అమెరికా వెళ్ళి ఇరవయ్యేళ్ళయింది. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, కాలేజీలో ఉన్నాడు. అమ్మాయి ఈ ఆగస్టులో హాస్టలుకి వెళ్తోంది. 2016లో పక్కింటి అమెరికన్ ఆవిడ తోడు రమ్మంటే వెళ్ళి, క్విల్టింగ్ క్లాసులో చేరారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, క్విల్ట్ మన బొంతకి దూరపు చుట్టం. రంగురంగుల గుడ్డముక్కలు కొలతల ప్రకారం కోసి, ఒకదానికొకటి అతికి పై గుడ్డ తయారుచేస్తారు. దాన్ని టాప్ అంటారు. దానికింద బ్యాటింగ్ అనే పల్చటి దూది పొర, అడుగున ఇంకో గుడ్డ. మూడింటినీ కలిపి కుట్టి, చుట్టూ అంచు పట్టీ వేస్తే క్విల్ట్ అయినట్టు.

మొదట్లో ఆవిడ చిన్నవి రెండు పూర్తిచేశారు. తర్వాత మొదలుపెట్టినవి తొమ్మిది, ఒక్కటీ పూర్తికాలేదు. వాటిలో ఐదింటికి టాప్ అయిపోయింది. ఒకటి కొడుక్కి పదేళ్ళప్పుడు మొదలుపెట్టిన డైనోసార్ల బొమ్మలది. ఒకటి ఆడపడుచు కూతురి ఉయ్యాల వేడుక కోసం కుట్టింది, ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. ఒకటి నీలం రంగుది, 480 ముక్కలట. మిగతా రెండూ రంగులు బాగున్నాయని మొదలుపెట్టినవి. ఇక క్లాసులో నెలకో బ్లాకు, అంటే ముక్కలు అతికి చేసిన ఒక చదరం, చొప్పున కుట్టాల్సినది ఒకటి, పన్నెండింట్లో ఏడు దగ్గర ఆగింది. స్నేహితురాలి పెళ్ళికని ఎత్తుకున్న ఉంగరాల డిజైను ఒకటి, ఆ జంట ఇప్పుడు కలిసి లేరు. ముక్కలు కోసి జిప్ కవర్లలో పెట్టినది ఇంకొకటి. తొమ్మిదోది అమ్మ చీరలది. మూడేళ్ళ కిందట తెనాలిలో అమ్మ పోయినప్పుడు ఎనిమిది చీరలు సూట్‌కేసులో తెచ్చుకున్నారు. రెండు కోశారు. మూడోదాని మీద కత్తెర పెట్టలేకపోయారు. నాన్నగారు వీడియో కాల్‌లో “అమ్మ బొంత ఎంతవరకు వచ్చిందమ్మా?” అని అడుగుతుంటారు. ఈవిడ “వస్తోంది నాన్నా” అంటుంటారు.

సంక్రాంతికి ఇంటికి పన్నెండుమంది వచ్చారు. క్విల్టింగ్ చేసేవాళ్ళలో ఒక జోకుంది. పీహెచ్‌డీ అంటే ప్రాజెక్ట్స్ హాఫ్ డన్, సగంలో ఆగిన పనులని. ఈవిడే ఎప్పుడో భర్తకి చెప్పారు. ఆయన ఆ రోజు అందరి ముందూ “మా ఆవిడకి తొమ్మిది పీహెచ్‌డీలు, ఫీజు మాత్రం రెండువేల డాలర్ల మిషను” అన్నారు. “అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ రాత్రి మిషను మీద దుప్పటి కప్పేశాను” అని రాశారు. అయిదు నెలలైంది, దుప్పటి తీయలేదు. కానీ పోయిన నెలలో సేల్ పెట్టారని ఐదు గజాల గుడ్డ కొన్నారు. అది ఇంకా కారు డిక్కీలోనే ఉంది, ఆయన చూడకుండా.

“నేను సోమరినా? మిషను అమ్మేయనా? అమ్మ చీరలు ఏం చేయను?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మొదటి ప్రశ్న తేలిక. 480 ముక్కలు కోసి, ఒక్కో కుట్టూ ఇస్త్రీ చేసుకుంటూ, మూలలు కలిసేలా అతికినావిడ సోమరి ఎలా అవుతుంది? ఆ మాట పక్కన పెట్టండి. మీరు అడగకపోయినా ఉత్తరంలో నాకు కనపడిన సంగతి వేరే ఉంది. తొమ్మిదింట్లో ఐదు సరిగ్గా ఒకే చోట ఆగాయి. టాప్ దగ్గర. బద్ధకమో నిలకడ లేకపోవడమో అయితే ఒకటి ముక్కల దగ్గర, ఒకటి సగం కుట్టులో, ఒకటి అంచు దగ్గర, ఇలా ఎక్కడ పడితే అక్కడ ఆగేవి. ఐదూ ఒకే మెట్టు మీద కూర్చున్నాయంటే అనుమానించాల్సింది మెట్టునే.

మా అమ్మమ్మ బొంత కుట్టడం నాకు బాగా గుర్తు. వసారాలో చాప పరిచేవారు. దాని మీద మెత్తబడిన నేతచీరలు నాలుగు, మధ్యలో తాతయ్య పాత పంచె. గాలికి లేవకుండా ఒక మూల సన్నికల్లు పొత్రం, ఇంకో మూల ఇత్తడి చెంబు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చుని పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవారు. చినిగిన చోట ఏ జాకెట్టు ముక్కో అప్పటికప్పుడు అతికేసేవారు. మూడు నాలుగు మధ్యాహ్నాలు పట్టేది. నేను పొత్రం మూలన కూర్చుని దారం ఎక్కించేదాన్ని, అమ్మమ్మకి చత్వారం.

ఆ పనిలో పై గుడ్డ వేరు, లోపలి పని వేరు అని లేదు. అతకడమూ కుట్టడమూ ఒకటే. పైగా సగంలో ఆపితే అది వసారా అంతా పరుచుకుని కాళ్ళకి అడ్డం పడేది. పూర్తిచేస్తే తప్ప చాప ఖాళీ అవదు. మీ క్విల్ట్ అలా కాదు. టాప్ అయిపోగానే ఎంతో అందంగా ఉంటుంది, ఫొటో తీసుకోవచ్చు, నాలుగు మడతలు పెట్టి అల్మారాలో పెట్టేయవచ్చు. ఆ మడత పెట్టే వీలే కొంప ముంచుతోంది.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు కుట్టే కవంది అనే బొంత కూడా మనదాని లాంటిదే. ఒక మూల మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకి వస్తారు. ముక్క అతకడమూ పొరలు కలపడమూ ఒకే కుట్టుతో అయిపోతాయి. మూలల్లో గుడ్డని మడిచి త్రికోణాల్లాంటి పువ్వులు పెడతారు. అవి లేకపోతే బొంత బట్టల్లేకుండా ఉన్నట్టేనని వాళ్ళ లెక్క. అక్కడా టాప్ అంటూ విడిగా ఏమీ ఉండదు కాబట్టి ఆగిపోయిన టాపులూ ఉండవు.

అమెరికాలో మాత్రం ఈ రెండు దశలూ చాలావరకు వేరే. కానీ పాతరోజుల్లో టాప్ ఎవరికి వారు ఇంట్లో అతుక్కున్నా, మూడు పొరలు కలిపి కుట్టే పనికి చాలాచోట్ల ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచేవారు. గుడ్డని పెద్ద చెక్క చట్రానికి బిగించి చుట్టూ కూర్చుని కుట్టేవారు. క్విల్టింగ్ బీ అనేవారు దాన్ని. భోజనాలు, కబుర్లు, ఎవరింట్లో ఏమైందో అన్నీ అక్కడే. మన అప్పడాల రోజు లాంటిదనుకోండి. ఇప్పుడు మీరు ఆ నలుగురైదుగురి పనిని, రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక, పై గదిలో ఒక్కరే చేయాలని కూర్చుంటున్నారు.

అది కూడా ఎలాంటి మిషను మీద? మామూలు ఇంటి మిషన్లలో సూదికి కుడిపక్క ఖాళీ ఆరు అంగుళాల నుంచి మహా అయితే తొమ్మిది. అరవై అంగుళాల వెడల్పున్న దాన్ని, దూదితో సహా, చాపచుట్టలా చుట్టి ఆ సందులోంచి దూర్చాలి. మిగతా బరువు బల్ల అంచున వేలాడుతూ వెనక్కి లాగుతుంటుంది. లాగినప్పుడల్లా కుట్టు పొట్టిదైపోతుంది. అడుగు గుడ్డ ఎక్కడో మడత పడుతుంది, తిరగేసి చూసేదాకా అది తెలియదు. డైనోసార్ల దానికి మీకు జరిగింది ఇదేనని రాశారు. వెనక అరచేయంత ముడత, రెండు రాత్రులు కూర్చుని విప్పారు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ తర్వాత నాలుగు టాపులు కుట్టి నాలుగూ అక్కడే ఆపారు. నా లెక్కలో అది చేయి కాలినవాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకపోవడం.

కాబట్టి ఈ ఐదింటికీ దారులున్నాయి. ప్రతి దారికీ ఖర్చు ఏదో ఒక రూపంలో ఉంది.

లాంగ్ ఆర్మ్ మిషను ఉన్నవాళ్ళకి ఇవ్వడం ఒకటి. పది పన్నెండు అడుగుల చట్రానికి గుడ్డ బిగించి, సూదినే గుడ్డ మీద నడిపిస్తారు కాబట్టి ముడత గొడవ దాదాపు ఉండదు. డబ్బు చదరపు అంగుళం లెక్కన తీసుకుంటారు. రెండు సెంట్లు అనుకుంటే 60 బై 80 క్విల్టుకి 4,800 అంగుళాలు, అంటే 96 డాలర్లు, దూది అదనం. మీ ఊళ్ళో ధర అడిగి చూసుకోండి. ఐదూ ఒకేసారి ఇస్తే బాగానే పడుతుంది. ఇంకో సంగతి, కొంతమందికి అలా చేయించుకున్నాక అది తమది కాదనిపిస్తుంది. మీకు అలా అనిపించే స్వభావమో కాదో మీకే తెలియాలి. నన్నడిగితే, జాకెట్టు టైలరుకిచ్చి కుట్టించుకున్నంత మాత్రాన చీర నాది కాకుండా పోదు.

రెండోది ముడులు వేయడం. లావు దారంతో నాలుగేసి అంగుళాలకొక ముడి, అంతే. మిషనే అక్కర్లేదు, టీవీ చూస్తూ వేయొచ్చు. ఒక కుట్టుకీ ఇంకో కుట్టుకీ మధ్య ఎంత దూరం దాకా ఉండొచ్చో బ్యాటింగ్ ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, ముడులకీ అదే హద్దు. క్లాసులో చూసినవాళ్ళు “ఇంత చక్కటి టాప్‌కి ముడులేనా” అంటారు. అననీయండి. అయితే మీరు కోరుకున్న ఆ ఉబ్బెత్తు డిజైన్లు దీంతో రావు.

మూడోది, మీరే మిషను మీద కుట్టడం, కానీ మొత్తం ఒకేసారి కాకుండా. టాపుని మూడు నిలువు ముక్కలుగా విడదీసి, ఒక్కోదానికి దూదీ అడుగు గుడ్డా పెట్టి కుట్టి, చివర్లో కలపడం. చేతిలో పట్టే సైజు కాబట్టి ముడత రాదు. కానీ అతికిన టాపుని మళ్ళీ విప్పాలి. మీ మాటల్ని బట్టి చూస్తే, విప్పడమంటేనే మీకు ఒళ్ళు మండుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాటికైతే ఇది మంచి పద్ధతి.

ఐదింటికీ ఒకే దారి పట్టాలనేం లేదు.

అసలు పూర్తిచేయాలా అన్నది ఇంకో ప్రశ్న, అది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తొమ్మిదీ పూర్తిచేసి తీరాలన్నట్టే రాశారు. ఎవరికివ్వాలి? డైనోసార్ల పదేళ్ళ పిల్లాడు ఇప్పుడు ఆరడుగులున్నాడు. ఉయ్యాల వేడుక ఎప్పుడో అయిపోయింది. క్విల్ట్ మెల్లగా నడుస్తుంది, పిల్లలు పరుగెడతారు. ఇందులో మీ తప్పేం లేదు గానీ, అల్మారా తీసినప్పుడల్లా ఆలస్యమైందన్న బాధే ముందు చేతికి తగులుతోంది. అబ్బాయిని ఒక్క మాట అడగండి, “ఇది నీకు కావాలా?” అని. అక్కర్లేదంటే అక్కడితో సరి. కావాలంటే మాత్రం ఆశ్చర్యపోకండి, ఇంటికి దూరంగా ఉన్న మగపిల్లలు అలాంటివి అడుగుతారు, రూమ్‌మేట్లు నవ్వినా సరే. ఉయ్యాలదానికి చుట్టూ రెండు వరసలు కలిపితే రెండో తరగతి పిల్ల ఒళ్ళో కప్పుకునే సైజవుతుంది. అదీ ఓపిక లేకపోతే, చేత్తో చేసిన దుప్పట్లు కష్టంలో ఉన్న పిల్లలకి అందించే ప్రాజెక్ట్ లైనస్ లాంటి సంస్థలు 1995 నుంచీ అక్కడ ఉన్నాయి. చాలా క్విల్ట్ బృందాల్లో సగంలో ఆగిన టాపులు తీసుకుని పూర్తిచేసి దానం చేసేవాళ్ళూ ఉంటారు. ఇచ్చేశాక ఎప్పుడో ఒక రోజు “ఇచ్చేయకుండా ఉండాల్సింది” అనిపిస్తుంది, ముందే చెప్తున్నాను. నేను రెండు ఎంబ్రాయిడరీ టేబుల్ క్లాతులు అలా ఇచ్చేశాను. ఒకదాని గురించి ఇప్పటికీ అనిపిస్తుంది. రెండోది ఎలా ఉండేదో కూడా గుర్తులేదు.

ఉంగరాల డిజైను గురించి ఎక్కువ చెప్పను. అవన్నీ వంపు కుట్లు, కుట్టడం వచ్చినవాళ్ళకే కష్టం. పైగా అది పెళ్ళి డిజైనని అందరికీ తెలుసు. ఆ స్నేహితురాలు మీ ఇంటికొచ్చి సోఫా మీద దాన్ని చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. క్విల్టింగ్ వాళ్ళకే ఇలాంటివాటికి ఇంకో పేరుంది, వాంబాట్. డబ్బూ దూదీ టైమూ దండగ అని దాని అర్థం. అయిన ఉంగరాలతో రెండు కుషన్ కవర్లు చేసుకోండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. ఏడు బ్లాకుల దగ్గర ఆగింది కూడా అంతే. అది క్లాసు టీచరు ఎంచిన డిజైను, క్లాసు ఎంచిన రంగులు. మీరు ఇష్టపడి ఎత్తుకున్నది కాదు. జిప్ కవర్లలోవి ముక్కలు, అంతే. వాటిని ఆగిపోయిన పనుల్లో ఎందుకు కలిపారో నాకు అర్థం కాలేదు. కోసి ఫ్రిజ్‌లో పెట్టిన కూరని మాడిపోయిన కూరంటామా?

ఇప్పుడు అమ్మ చీరలు.

ఇది మిగతా ఎనిమిదింటితో కలిపి లెక్కపెట్టాల్సినది కాదు. అక్కడ మీ చేయి ఆగడానికీ మిషను సందుకీ సంబంధమే లేదు. కోసిన రెండూ ఏవో రాశారు. ఇంట్లో కట్టుకునే మంగళగిరి చీరలు. మూడోది అమ్మ మీ పెళ్ళిలో కట్టుకున్న పట్టుచీర. కత్తెర దాని దగ్గర ఆగిందంటే నాకేం వింతగా లేదు. ఆ చీర విప్పితే ఆవిడ కట్టుకున్న మడతలే ఇంకా కనపడుతున్నాయని రాశారు కదా. కోస్తే ఆ మడతలు పోతాయి. పూర్తిచేస్తే చేయడానికి అమ్మది ఇంకేమీ మిగలదు. ఈ రెండు భయాలూ అబద్ధం కావు కాబట్టి అవి పోతాయని నేను చెప్పలేను.

అలబామాలో గీస్ బెండ్ అనే ఊరుంది. నల్లజాతి స్త్రీలు తరతరాలుగా పాత బట్టలతో క్విల్టులు కుట్టిన ఊరు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించాక దేశమంతా తెలిసింది. ఆ ఊళ్ళో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ భర్త చనిపోయాక, 1942లో, ఆయన పొలంలో వేసుకున్న బట్టలతో ఒక క్విల్ట్ కుట్టింది. కూతురు కూడా సాయం కూర్చుంది. ఆయన్ని తలచుకోవడానికి, ఆయన ప్రేమ కప్పుకుని పడుకోవడానికి కుట్టుకుంటానందట. చూస్తే పెద్ద పెద్ద ముక్కలు, మాసిన నీలాలు, ప్యాంటు కాళ్ళు. 480 ముక్కల పనితనం లేదు అందులో, ఆవిడకి అది అక్కర్లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అమ్మ చీరల్ని మీరు క్లాసులో నేర్చుకున్న పద్ధతిలోనే, చిన్న చిన్న చదరాలు కోసే కుట్టాలనుకుంటున్నారు. ఎవరు పెట్టారు ఆ రూలు?

నేతచీరలతో అమ్మమ్మల పద్ధతిలో బొంత కుట్టొచ్చు. కత్తెర అక్కర్లేదు, నాలుగు మడతలు పరిచి చేత్తో కుట్టుకోవడమే. కోసిన ముక్కలు పైన అతకవచ్చు. బాగా ఉతికి కుట్టండి, ఎర్ర అంచులు రంగు దిగుతాయి. బొంత రోజూ కప్పుకునేది కాబట్టి నలుగుతుంది, పదేళ్ళకి చినుగుతుంది కూడా. అలా కాకుండా దాచుకోవాలంటే అల్మారాలోనే ఉంటుంది, మీరెలాగూ దానితో విసిగిపోయారు. ఈ రెంటిలో ఏది ఓర్చుకోగలరో చూసుకోండి. పట్టుచీర సంగతి వేరు. పాత పట్టు మడతల దగ్గర పిగిలిపోతుంది, కుట్టు వేస్తే కుట్టు వెంబడే చీలుతుంది. వెనక అంటించే పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తేగానీ క్విల్టుకి ఆగదు, జరీ దగ్గర మిషను సూదులూ విరుగుతాయి. అందుకని దాన్ని అసలు ఇందులో కలపకుండా ఉంచేయడం కూడా ఒక దారే. అమ్మాయి పెళ్ళికి కట్టుకుంటుందేమో, లేదా మీరే ఒక పండక్కి కట్టుకోండి. బొంతలో ఎనిమిది చీరలూ ఉండాలని ఎవరూ అనలేదు. ఎనిమిది అన్నది సూట్‌కేసులో పట్టిన లెక్క.

ఇంకా ఏడాది ఆగాలనిపిస్తే ఆగండి. ఒక్కటే అడ్డం, నాన్నగారు. ఆయనకి 78 అన్నారు. ఆయన అడుగుతున్నది బొంత గురించేనా అని నాకు సందేహం. మూడేళ్ళుగా భార్య పేరెత్తడానికి ఆయనకి ఇంట్లో ఎవరు దొరుకుతున్నారు? మీతో మాట్లాడేటప్పుడు బొంత ఒక సాకై ఉండొచ్చు. “వస్తోంది నాన్నా” అనగానే ఆ మాట అక్కడితో అయిపోతోంది. ఈసారి “కోయలేకపోయాను నాన్నా” అనండి. చీరలు ఒక్కొక్కటే ఫోను ముందు పెట్టి ఏది ఎప్పుడు కొన్నారో అడగండి. ఆయన చెప్పింది రాసిపెట్టుకోండి. ఆయన బాధపడితే పడతారు, మీరూ పడతారు. అది మీరు భయపడుతున్నంత చెడ్డ పని కాదు.

ఒక్క మాట అడగాలి కాబట్టి అడుగుతున్నాను. అమ్మ పోయినప్పటినుంచి ఈ గుడ్డల పనే ఆగిందా, మిగతావీ ఆగాయా? నిద్ర, తిండి, ఫోన్లు ఎత్తడం, బిల్లులు కట్టడం? మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనపడలేదు. ఉంటే మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి, బొంత సంగతి తర్వాత.

ఇక మీవారు. ఆయన మాట తప్పు, అందులో సందేహం లేదు. మీరు నమ్మి చెప్పిన జోకుని పన్నెండుమంది ముందు మీ మీదే తిప్పారు. కానీ డబ్బు ప్రశ్నలో ఆయనది పూర్తిగా తప్పని మీరే అనుకోవడం లేదు, అనుకుంటే గుడ్డ డిక్కీలో ఎందుకుంటుంది? ఈ రెండూ కలిసిపోయి ఒక ముడి పడ్డాయి. ఆయన హేళన చేశారని మీరు దాస్తున్నారు, మీరు దాస్తున్నారని రేపు ఆయనకి తెలిస్తే మళ్ళీ హేళన చేస్తారు. విడివిడిగా మాట్లాడండి. మొదట సంక్రాంతి సంగతి. “ఆ రోజు నుంచి మిషను ముట్టుకోలేదు” అన్న ఒక్క మాట చాలు. ఆయనకి ఆ విషయం తెలియకపోవచ్చు. దుప్పటి కప్పిన మిషనుని చూసి “మళ్ళీ వదిలేసింది” అనుకుంటూ ఉండొచ్చు. డబ్బు మాట ఇంకో రోజు. నెలకి ఇంత అని మీరే ఒక అంకె చెప్పండి. చెబితే దానికి కట్టుబడాలి, సేల్ వచ్చినా సరే. అది మీకు కష్టం. గుడ్డ కొనడం ఒక సరదా, కుట్టడం ఇంకో సరదా అని క్విల్టింగ్ వాళ్ళు వాళ్ళమీద వాళ్ళే జోకులేసుకుంటారు. మొదటిదానికి ఓపిక అక్కర్లేదు, కార్డుంటే చాలు. ఏమీ చెప్పకుండా ఇలాగే నెట్టుకురావడమూ ఒక దారే, చాలామంది ఇళ్ళల్లో అలాగే నడుస్తోంది. కానీ డిక్కీలో చోటు అయిపోతుంది.

మిషను అమ్మడం గురించి అడిగారు. అమ్మొచ్చు, సగం ధరైనా రావచ్చు. కానీ కోపంలో అమ్మకండి. ఏడాది తర్వాత గుడ్డల కొట్టు ముందు కారాపి లోపలికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేకపోవడం సగం ధర కంటే ఎక్కువ ఖర్చు. నిజంగానే టాపులు కుట్టడమే మీకిష్టం, మిగతా పని చచ్చినా ఇష్టం లేదు అనుకుంటే, అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. టాపర్ అనే అంటారు వాళ్ళని. టాప్ కుట్టి, మిగతాది డబ్బిచ్చి చేయించుకుని హాయిగా ఉంటారు.

చివరికి ఒకటి అట్టిపెట్టాను. ఉత్తరం నాలుగో పేజీలో, ఏదో దారినపోయే మాటలా, మీ అమ్మాయి అన్నమాట రాశారు. “హాస్టలుకి ఆ నీలంది తీసుకెళ్ళనా, అమ్మా?” అందట. మీరు “అది పూర్తవలేదు కదా” అన్నారట. అంతటితో ఆ సంగతి వదిలేసి మళ్ళీ బద్ధకం గురించి రాసుకున్నారు. తొమ్మిదింట్లో ఇంకా ఎదురుచూస్తున్న మనిషి ఉన్నది, నాన్నగారిని పక్కన పెడితే, దీనికొక్కదానికే. ఆగస్టుకి రెండు నెలలుంది. లాంగ్ ఆర్మ్ వాళ్ళ దగ్గర వరస పెద్దదైతే అప్పటికి చేతికి రాకపోవచ్చు, ఈ వారమే ఫోను చేసి అడగండి. కుదరకపోతే ముడులు ఉన్నాయి. హాల్లో సోఫా జరిపి, అడుగు గుడ్డని టేపుతో నేలకి బిగించి, దూది, టాప్ పరిచి పిన్నీసులు పెట్టడానికి నాలుగు చేతులు కావాలి. రెండు మీవి, రెండు అమ్మాయివి. మీవారు ఆ టైముకి ఇంట్లో ఉంటే ఒక మూల పట్టుకోమనండి. పట్టుకుంటారో, టీవీ ముందు కూర్చుంటారో చూడండి. అంచు పట్టీ ఆగస్టు దాకా అవ్వకపోతే సగం పట్టీతోనే పంపండి, నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికొచ్చినప్పుడు మిగతాది కుట్టొచ్చు.

నీలంది 60 బై 80 అని రాశారు. అడుగు గుడ్డ ప్రతి వైపూ నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 68 బై 88. నలభైరెండు అంగుళాల పన్నాలో రెండు నిలువులు కలిపితే సరిపోతుంది. లెక్క వేశాను, ఐదు గజాలకి నాలుగు అంగుళాలు తక్కువ. డిక్కీలో ఉన్నది ఐదు గజాలేగా? రంగేమిటో మాత్రం మీరు రాయలేదు.